తీగ ఎక్కే తీరును బట్టి పందిరి: తిరుపతి, చిత్తూరు ఇళ్లకు తీగ మొక్కల సమగ్ర మార్గదర్శి

నర్సరీలో పువ్వు రంగు నచ్చి తీగ కొనుక్కొస్తారు, ఇంట్లో కనిపించిన కర్రకు కట్టేస్తారు. ఆర్నెల్లకు ఆ తీగ నేలమీద కుప్పగానైనా పడి ఉంటుంది, లేదా కర్రనైనా పడగొట్టి ఉంటుంది. ఇందులో తీగ తప్పేమీ లేదు. చెయ్యాల్సిన వరస తిరగబడింది, అంతే. ముందు చోటు చూడాలి. ఆ చోటికి తగిన తీగను ఎంచుకోవాలి. అది ఎలా పైకి పాకుతుందో తెలుసుకొని సరిపోయే ఊత కట్టాలి. ఇవన్నీ అయ్యాకే మొక్కను గుంతలో పెట్టాలి.

మన దగ్గర వాతావరణం లెక్క కూడా చూసుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతి ఎండ 42 డిగ్రీలు దాటే రోజులు చాలానే ఉంటాయి. పడమటి గోడమీది ఇనుప చట్రానికి ఆనుకున్న లేత చివురు మధ్యాహ్నానికే మాడిపోతుంది. ఇక అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో వాయుగుండం పట్టినప్పుడల్లా ముసురు, ఈదురుగాలి. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులే ఏరులై పారాయి. ఆకు దట్టంగా పట్టిన పందిరి అలాంటి వానలో తడిస్తే మామూలు బరువుకు ఎన్నో రెట్లు మోయాల్సి వస్తుంది. కాబట్టి ఎండను చూసి తీగను, గాలివానను చూసి పందిరిని నిర్ణయించుకోండి. పలమనేరు, కుప్పం వైపు నేల ఎత్తు, ఎండ కాస్త తక్కువ. అక్కడివాళ్లు ఎండ జాగ్రత్తలను కొంత సడలించుకోవచ్చు, పందిరి విషయంలో మాత్రం సడలింపు లేదు.

తీగలు ఎక్కే దారులు

చార్లెస్ డార్విన్ 1865లో తీగల కదలికల మీద పెద్ద వ్యాసమే అచ్చువేశాడు. తీగలను అవి ఎక్కే పద్ధతిని బట్టి విడదీసి చూపించాడు. తోట పనికి ఈ రోజుకీ అంతకంటే పనికొచ్చే విభజన లేదు.

మొదటి రకం కాండమే చుట్టుకుంటూ పోయేది. శంఖుపుష్పం, చిక్కుడు, బచ్చలి, తిప్పతీగ, కాశీరత్నం ఈ జాతివే. వీటి కొన గాలిలో గుండ్రంగా తిరుగుతూ ఆధారం కోసం వెతుకుతుంది. ఎండ పూట కొన్ని గంటల్లోనే ఒక చుట్టు పూర్తవుతుంది. వీటికి నిలువు ఊత కావాలి. బొటనవేలు మందం దాకా ఉన్న కర్ర, తాడు, ఇనుప తీగ ఏదైనా పట్టుకుంటాయి. 4 అంగుళాల సిమెంటు స్తంభం పక్కన పెడితే లేత తీగలు దాన్ని చుట్టలేక జారిపోతాయి. అలాంటి స్తంభం ఉంటే దాని పక్కన పైనుంచి కిందికి ఒక కొబ్బరితాడు బిగించి కట్టండి. ఇంకో మాట: ఇలా చుట్టుకునే తీగల్లో అత్యధిక భాగం ఒకే దిక్కుకు తిరుగుతాయి. పైనుంచి చూస్తే గడియారం ముల్లుకు ఎదురు దిక్కు. మీరు సాయం చేస్తున్నామనుకొని గడియారం ముల్లు తిరిగే దిక్కుకు చుడితే తెల్లారేసరికి విడిపోయి ఉంటుంది.

రెండో రకం నులితీగలతో పట్టుకునేది. కాకర, బీర, పొట్ల, సొర, దోస, దొండ, కృష్ణకమలం, నల్లేరు. నులితీగ కొన ఏదైనా సన్నని వస్తువుకు తగలగానే దాన్ని చుట్టేస్తుంది. తర్వాత మధ్యలో మెలికలు తిరిగి స్ప్రింగులా మారుతుంది. సగం మెలికలు ఒక దిక్కుకు, సగం ఇంకో దిక్కుకు ఉంటాయి, గమనించి చూడండి. గాలికి తీగ ఊగినా తెగకపోవడానికి కారణం ఇదే. వీటికి పెన్సిల్ కంటే సన్నని ఆధారం కావాలి. లావు పైపు పందిరి ఒక్కటే వేస్తే కాకర తీగ దాని చుట్టూ తిరుగుతూ పట్టు దొరక్క వేలాడుతుంది. పైపుల మధ్య 4 నుంచి 6 అంగుళాల గడి ఉన్న నైలాన్ వల కట్టండి. గడి అంతకంటే చిన్నదైతే కాయ ఇరుక్కుంటుంది, ఎండిన తీగను లాగేటప్పుడు వల చిరుగుతుంది.

మూడోది వేళ్లతో అతుక్కునేది. తమలపాకు, మిరియం, మనీప్లాంట్, గోడ మీద పచ్చటి పొరలా పరుచుకునే క్రీపింగ్ ఫిగ్. వీటికి గరుకుగా, కాస్త తేమగా ఉండే ఆధారం కావాలి. మనీప్లాంట్‌ను వేలాడదీస్తే ఆకులు చిన్నవిగానే ఉండిపోతాయి. అదే మొక్కను కొబ్బరిపీచు చుట్టిన కర్రమీదకు ఎక్కిస్తే పైకి పోయేకొద్దీ ఆకు పెద్దదవుతుంది. క్రీపింగ్ ఫిగ్‌ను మాత్రం సున్నం గోడకు, పాత ఇటుక గోడకు ఎక్కించకండి. వేళ్లు పగుళ్లలో దూరతాయి. తీసేసినా మచ్చలు పోవు, రంగు కోసం ప్లాస్టరింగు గీకించాల్సి వస్తుంది.

నాలుగోది నిజానికి ఎక్కదు, ఆనుకుంటుంది. కాగితంపూలకు ముళ్లున్నాయి, అల్లమండకు అవి కూడా లేవు. పొడుగాటి కొమ్మలు పక్క చెట్ల మీద వాలి పైకి పోతాయి. పెరట్లో వాటిని మనమే కట్టాలి. అడ్డంగా ఇనుప తీగలు లాగి, ప్రతి అడుగున్నరకు ఒక ముడి. ముడి ఎనిమిది అంకెలా వెయ్యండి, కాండానికీ ఇనుప తీగకూ మధ్య మెలిక రావాలి. పాత నూలుచీర పేలికలు ఇందుకు బాగుంటాయి. కరెంటు వైరు ముక్కలు, ప్లాస్టిక్ దారం వద్దు. కాండం లావెక్కేకొద్దీ కోసుకుపోయి, ఒకరోజు ముడి దగ్గరే విరుగుతుంది.

ఏ చోటికి ఏది

ఉదయం 8 గంటలకు, మధ్యాహ్నం 12కు, సాయంత్రం 4కు ఆ చోట ఎండ పడుతోందా లేదా అని ఒక రోజు చూడండి. 6 గంటలకు మించి నేరుగా ఎండ పడితే కాగితంపూలు, రాధామనోహరం, శంఖుపుష్పం, పందిరి కూరగాయలన్నీ పెట్టుకోవచ్చు. 4 గంటల ఎండ ఉంటే జాజి, గార్లిక్ వైన్, బచ్చలి. ఎండ తగలని సందుల్లో, మెట్ల కింద మనీప్లాంట్, తమలపాకు తప్ప పూల తీగల మీద ఆశ పెట్టుకోకండి. ఆకు వస్తుంది, పువ్వు రాదు.

పడమటి గోడకు నీడ కావాలనుకునేవాళ్లు చట్రాన్ని గోడకు ఆనించి బిగించకండి. 4 అంగుళాల ఎడం ఉండాలి. ఆ సందులోంచి గాలి ఆడితేనే గోడ చల్లబడుతుంది, రంగు పాడవదు, బూజు పట్టదు. ఇనుప కడ్డీలైతే మొదటి వేసవి దాటేదాకా వాటికి కొబ్బరితాడు చుట్టి ఉంచండి. ఏసీ బయటి పెట్టె ముందు ఏ తీగనూ పాకనివ్వకండి. వేడిగాలికి ఆకు మాడుతుంది, ఏసీకీ ఊపిరాడదు.

అలిపిరి చుట్టుపక్కల, కొండకు ఆనుకొని ఉన్న కాలనీల్లో కోతుల సంగతి చెప్పక్కర్లేదు. అక్కడ సొర, బీర పందిరి వేస్తే కాయలు పిందెల్లోనే పోతాయి, పందిరి ఊయలవుతుంది. కాకరను అంతగా ముట్టుకోవు. కాగితంపూలకైతే ముళ్లే కాపలా.

పందిరి వెయ్యడం

10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు ఉన్న పందిరికి లెక్క ఇది. పెద్ద తీగలకైనా కూరగాయలకైనా పనికొస్తుంది.

1. నాలుగు మూలల్లో అడుగు చదరంతో, రెండుంబావు అడుగుల లోతు గుంతలు తవ్వండి. అడుగున 3 అంగుళాల కంకర వేసి దిమ్మిస చెయ్యండి.

2. 2 అంగుళాల జీఐ (జింకు పూత పూసిన ఇనుప) పైపులు 9 అడుగులవి నాలుగు నిలబెట్టండి. 2 అడుగులు నేలలో, 7 అడుగులు పైన. కూరగాయల పందిరైతే పైన 6 అడుగులు చాలు, చెయ్యి అందాలి కదా. మన దగ్గర దొరికే రాతి కూసాలు కూడా వాడుకోవచ్చు. అవి పైబరువును బాగా మోస్తాయి గానీ పక్కనుంచి లాగితే విరుగుతాయి, కాబట్టి ప్రతి కూసానికీ బయటివైపు నేలలోకి ఒక లాగుడు తీగ తప్పనిసరి.

3. సిమెంటు, ఇసుక, కంకర 1:2:4 పాళ్లలో కలిపి గుంతలు నింపండి. నాలుగింటికీ కలిపి ఒకటిన్నర బస్తా సిమెంటు పడుతుంది. పైభాగం నేల కంటే 2 అంగుళాలు ఎత్తుగా, బయటికి వాలుగా ఉండాలి. నీళ్లు నిలిస్తే పైపు తుప్పు పట్టేది అక్కడే. 7 రోజులు తడపండి, ఈలోగా బరువు పెట్టకండి.

4. పైన చుట్టూ ఒకటిన్నర అంగుళం పైపుతో చట్రం వెల్డింగు చేయించండి. వెల్డింగు పడిన చోట జీఐ పూత కాలిపోతుంది. అక్కడ ప్రైమరు, పెయింటు వెయ్యకపోతే రెండు మూడేళ్లలో తుప్పు మొదలవుతుంది.

5. చట్రం మీద 10 గేజి జీఐ తీగను రెండడుగులకు ఒకటి చొప్పున రెండు దిక్కులా లాగండి. 2 కిలోలు కొంటే సరిపోతుంది. వాటి మధ్యలో 14 గేజి తీగ లాగితే గడి అడుగుకు దిగుతుంది. ఇది 1 కిలో. బిగింపు కోసం లావు తీగలకు ఒక కొసన టర్న్‌బకిల్ పెట్టించుకోండి. బరువుకు తీగ సాగితే విప్పి కట్టే పని లేకుండా తిప్పి బిగించుకోవచ్చు.

6. కూరగాయలు పెట్టేవాళ్లు దీనిమీద నైలాన్ వల పరచండి.

వెదురు, సరుగుడు గుంజలతో వేసిన పందిరి ఒక కాపుకు బాగానే ఉంటుంది. నేలలో ఉన్న భాగం వానకాలం గడిచేసరికి చెదలుకు, తేమకు పాడవుతుంది. ఏటా తీసి వేసుకునే చిక్కుడుకు అది చాలు, రాధామనోహరానికి చాలదు. ఆ తీగ మూడో ఏటికి మణికట్టంత కాండాలు పెంచుతుంది. అప్పుడు గుంజలు మార్చడం కుదరదు, తీగను నరుక్కోవడం ఒక్కటే దారి.

మిద్దె మీద పెట్టేవాళ్లు ముందు బరువు లెక్క వేసుకోవాలి. తడిసిన మట్టి లీటరుకు సుమారు కిలోన్నర తూగుతుంది. 100 లీటర్ల డ్రమ్ము అంటే 150 కిలోలు. డ్రమ్ములను శ్లాబు నడిమధ్య కాకుండా దూలాల మీద, కింద గోడ ఉన్న చోట పెట్టండి. ఇటుకల మీద నిలిపితే అడుగున నీళ్లు నిలవవు. మిద్దె పందిరి కాళ్లకు గుంత తవ్వలేం కాబట్టి పిట్టగోడకు క్లాంపులతో బిగించాలి. ఇసుక బస్తాలు కట్టి వదిలేస్తే వాయుగుండం గాలికి పందిరి పక్కింటి మిద్దె మీద ఉంటుంది.

గుంత, మట్టి, నాటడం

గట్టి కాండం తీగలకు రెండడుగుల ఘనం గుంత కావాలి. కూరగాయలకు అడుగున్నర చాలు. గోడ పునాదికి అడుగున్నర ఎడంగా తవ్వండి. గోడను ఆనుకుంటే చూరు కింద వాన తడి చేరదు, సున్నం కలిసిన మట్టిలో వేరు సాగదు. రాధామనోహరం లాంటి పెద్ద తీగలను సెప్టిక్ ట్యాంకుకు, డ్రైనేజీ పైపుకు 8 అడుగుల దూరంలో ఉంచండి.

రోహిణి కార్తెలో గుంత తవ్వి వదిలేస్తే ఆ ఎండకే పురుగు, తెగులు సగం చస్తాయి. మృగశిరలో తొలి వాన పడ్డాక నింపండి. తీసిన పైమట్టి సగం, బాగా మాగిన పశువుల ఎరువు నాలుగో వంతు, మిగతాది ఇసుక. దానికి అర కిలో వేపపిండి కలపండి. ఎర్రనేలైతే ఇసుక తగ్గించి ఎరువు పెంచుకోవచ్చు. చెరువు దగ్గరి బంకమట్టైతే ఇసుక పెంచాలి. పచ్చిపేడ మాత్రం వెయ్యొద్దు. వేడికి వేరు కాలుతుంది, చెదలు చేరతాయి.

కవరులో మట్టి మట్టం ఎక్కడుందో నేలలో కూడా అక్కడే ఉండాలి. కాండాన్ని లోతుగా పూడిస్తే నవంబరు ముసురుకు మొదలు కుళ్లుతుంది. కాగితంపూల విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. దాని వేళ్లు మట్టిగడ్డను గట్టిగా పట్టి ఉండవు, కవరు లాగితే గడ్డ చిట్లి మొక్క చస్తుంది. కవరు అడుగు కోసి గుంతలో దింపి, తర్వాత పక్కలు చీల్చి బయటికి లాగండి. మొక్కను ఊతవైపు కొంచెం వంచి నాటండి. చుట్టూ రెండడుగుల వెడల్పు పాదు చేసి 10 లీటర్ల నీళ్లు పోసి, ఎండుటాకులు 3 అంగుళాల మందం పరచండి. కాండానికి నాలుగు వేళ్ల ఎడం వదలాలి.

జూన్, జూలైలో నాటిన మొక్క నవంబరు వానల నాటికి వేరు పట్టి ఉంటుంది. అక్టోబరు చివర నాటినది నీటిలో నిలబడి పసుపెక్కుతుంది. ఆ అదను తప్పితే జనవరి దాకా ఆగడమే మేలు.

మొదటి రెండు నెలలు తీగను పూతకు తొందరపెట్టకండి. బలమైన రెండు మూడు కొమ్మలు ఉంచుకొని మిగతావి తీసెయ్యండి. పందిరి ఎత్తుకు చేరగానే కొన గిల్లితే పక్క కొమ్మలు వస్తాయి. వాటిని చేత్తో నాలుగు దిక్కులకూ పరచండి. వదిలేస్తే కొసలన్నీ ఎండవైపు ఒకే మూలకు పోతాయి, పందిరి అటే వంగుతుంది. నిలువుగా పోయే కొమ్మకంటే అడ్డంగా వంచిన కొమ్మకు కణుపు కణుపునా చివురు, పూత వస్తాయి. కొసకు ఉన్న పెత్తనం వంచడంతో తగ్గడమే దానికి కారణం.

నీళ్లు, పసుపెక్కే ఆకులు

నేలలో నాటిన తీగకు మొదటి వేసవి రెండు మూడు రోజులకోసారి 10 నుంచి 15 లీటర్లు. రెండో ఏటి నుంచి వారానికి రెండు తడులు చాలు. కుండీలకు మే నెలలో ఉదయం, సాయంత్రం కూడా పోయాల్సిందే. డ్రిప్పు పెట్టుకుంటే గంటకు 4 లీటర్లు కారే డ్రిప్పర్లు మొక్కకు రెండు, మొదలుకు అడుగు ఎడంగా.

మన బోరు నీళ్లు చాలా చోట్ల ఉప్పుగా, చౌడుగా ఉంటాయి. ఈ నీళ్లు నెలల తరబడి పోస్తే లేత ఆకు పసుపెక్కి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. ఇది ఇనుపధాతు లోపం. మట్టిలో ఇనుము ఉన్నా వేరు తీసుకోలేకపోతుంది. యూరియా వేస్తే తగ్గదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పూట ఆకు తడిసేలా పిచికారీ చెయ్యండి. వారం పది రోజులకు మరోసారి. కలిపిన వెంటనే వాడాలి, నిలవ ఉంటే నీళ్లు తుప్పు రంగుకు తిరిగి పనికిరాకుండా పోతాయి. గోడకు, టైల్సుకు పడితే మరక పోదు, అది కూడా గుర్తుంచుకోండి. అదే పసుపు ముదురు ఆకుల్లో మొదలై పైకి పాకితే నత్రజని లోపం. రెండు దోసిళ్ల వర్మీకంపోస్టు పాదులో కలిపితే సరిపోతుంది.

పూల తీగలు

కాగితంపూలు దక్షిణ అమెరికావి. ఫ్రెంచి నావికుడు బూగన్‌విల్ పేరుమీద బోగన్‌విల్లా అయ్యాయి. మనం పువ్వనుకునే రంగు రేకులు నిజానికి ఆకులే, వాటి మధ్య సన్నగా, తెల్లగా కనిపించేది పువ్వు. ఈ మొక్కకు గారాబం పనికిరాదు. రోజూ నీళ్లు, బోలెడు ఎరువు ఇచ్చేవాళ్లింట్లో పచ్చటి పొద మాత్రమే ఉంటుంది. ఈశాన్య రుతుపవనం వెనక్కి వెళ్లాక జనవరిలో కొసలు అడుగు మేర కత్తిరించి, రెండు మూడు వారాలు నీళ్లు ఆపండి. ఆకు కాస్త వాలినప్పుడు ఒక తడి ఇచ్చి మళ్లీ ఆపండి. ఫిబ్రవరి నుంచి రంగు కమ్ముతుంది. ఊరంతా ఎండకు వాడిపోయే నెలల్లో తలెత్తుకొని నిలబడేది ఇదే, అందుకే కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు మా ఓటు దీనికే.

రాధామనోహరం సాయంత్రం తెల్లగా విచ్చుకుంటుంది, మర్నాటికి గులాబీ, ఆపై ఎరుపు. ఒకే గుత్తిలో మూడు రంగులూ కనిపిస్తాయి. తెల్లగా ఉన్న రాత్రి వాసనకు చిమ్మటలు వస్తాయి. ఎర్రబడ్డాక పగటిపూట తేనెటీగలు, సీతాకోకచిలుకలు. కొత్త కొమ్మకే పూస్తుంది కాబట్టి పెద్ద పూత అయిపోగానే మూడో వంతు కత్తిరించాలి. వేరునుంచి లేచే పిలకలను వారం వారం తీసెయ్యండి. ఒక్క వానకాలం పట్టించుకోకపోతే పెరడంతా అదే అవుతుంది.

జాజి. తిరుమల కొండమీద పూసిన పూలన్నీ స్వామివే, అక్కడ ఎవరూ తలలో పెట్టుకోరు. కింద ఊళ్లో మాత్రం సాయంత్రానికి గుప్పెడు జాజులు కోయని పెరడు పెరడు కాదు. డిసెంబరు చివర, వానలు ఆగాక రెండు వారాలు నీళ్లు ఆపి, ప్రధాన కొమ్మలను పందిరి మీదే ఉంచి, పక్క కొమ్మలను రెండు మూడు కణుపులకు కత్తిరించండి. మిగిలిన ఆకు దులిపి, పాదు తవ్వి, ఒక బొచ్చె మాగిన ఎరువు, పావుకిలో వేపపిండి వేసి తడి ఇవ్వండి. కత్తిరించడానికి మనసొప్పక వదిలేసిన తీగ పైన ఆకు, లోపల ఎండుపుల్లలతో నిండి, పూలు అందనంత ఎత్తులో నాలుగు పూస్తుంది. మొగ్గలు ఊదారంగుకు తిరిగి రంధ్రాలు పడితే మొగ్గ తొలిచే పురుగు. అలాంటివి కోసి సబ్బునీళ్లలో వెయ్యండి, చెట్టుకిందే రాల్చకండి.

శంఖుపుష్పం గింజ పొట్టు గట్టిది. గరుకు కాగితం మీద ఒకసారి రుద్ది రాత్రంతా నానబెట్టి విత్తితే వారం నుంచి రెండు వారాల్లో మొలుస్తుంది. కాయలు కట్టనిస్తే పూత తగ్గుతుంది, లేతగా ఉన్నప్పుడే గిల్లేయండి. చిక్కుడు కుటుంబం కాబట్టి వేరు బుడిపెల్లో నత్రజనిని తానే పట్టుకుంటుంది, యూరియా అక్కర్లేదు.

గార్లిక్ వైన్ ఆకు నలిపితే తెల్లగడ్డల వాసన, పూత మాత్రం ఊదా గుత్తులు, వాడేకొద్దీ తెలుపు. కృష్ణకమలానికి నారింజ రంగు ముళ్ల గొంగళిపురుగులు పడతాయి. అవి సీతాకోకచిలుక పిల్లలే, ఒక కొమ్మ వాటికి వదిలి మిగతావి ఏరేస్తే గొడవ లేదు. పై అంతస్తు పిట్టగోడ మీదుగా కిందికి తెరలా వేలాడాలంటే కర్టెన్ క్రీపర్, ఊత పని కూడా లేదు. ఆంటిగోనన్ గులాబీ గుత్తులకు తేనెటీగలు విరగబడతాయి, కానీ నేలలో దుంపలు వేసి మళ్లీ మళ్లీ లేస్తుంది. చిన్న పెరటికి వద్దు.

తమలపాకుకు నీడ, తేమ, కదలని గాలి కావాలి. తోటల్లో అవిసె చెట్లకు పాకిస్తారు. ఇంట్లో మునగ మొదలు, లేదా నీళ్ల తొట్టి పక్క గోడ. మే నెల వడగాలికి ఆకు అంచులు నల్లబడితే గోనెపట్టా తడిపి పడమటివైపు కట్టండి.

పందిరి కూరగాయలు

బీర, కాకర, సొర, పొట్ల విత్తనాలు జూన్-జూలైలో ఒకసారి, జనవరి రెండో పక్షం నుంచి ఫిబ్రవరి దాకా ఇంకోసారి. నాటు చిక్కుడు, మన పితికిపప్పుకు కావాల్సిన అనప ఈ లెక్కలోకి రావు. పగటి పొద్దు తగ్గితేనే అవి పూస్తాయి. జూలై, ఆగస్టుల్లో విత్తితే చలికాలానికి కాపు. జనవరిలో విత్తితే పందిరి నిండా ఆకులే.

గింజలు రాత్రి నానబెట్టి, అంగుళం లోతున పాదుకు మూడు వేసి, బలమైన రెండు ఉంచండి. పాదుకు పాదుకు మధ్య కాకరకు 3 అడుగులు, బీరకు 4, సొరకు 6. మొక్క 2 నుంచి 4 ఆకుల దశలో ఉన్నప్పుడు లీటరు నీటికి 3 గ్రాముల బోరాక్స్ కలిపి చల్లితే ఆడపూలు పెరుగుతాయి. మొదట వచ్చేవన్నీ మగపూలే, రాలిపోతున్నాయని కంగారు పడకండి. ఆడపువ్వు వెనక చిన్న పిందె ఉంటుంది. ఆ పిందె పసుపెక్కి రాలుతుంటే పరాగం అందలేదన్నమాట. మిద్దె మీద తేనెటీగలు తక్కువ, చేత్తో చెయ్యాలి. మగపువ్వు రేకులు తీసి కేసరాన్ని ఆడపువ్వు మధ్య మెల్లగా రుద్దడమే. కాకర, దోస, గుమ్మడికి ఇది తెల్లవారుజామున. సొర, బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి కాబట్టి వాటికి పొద్దుగూకే వేళ. పొద్దున పూటే అన్నిటికీ చేసి సొర నిలవలేదనేవాళ్లు ఎక్కువ.

పొట్లకాయ వంకర పోకుండా కొసకు చిన్న రాయి కట్టే పద్ధతి ఇప్పటికీ పనిచేస్తుంది. దొండను గింజతో కాదు, కాపు మంచిగా ఉన్న తీగ నుంచి నాలుగు కణుపుల ముక్క తెచ్చి నాటాలి.

పిందెమీద చుక్క, లోపల తెల్ల పురుగు ఉంటే పండు ఈగ. మగ ఈగలను లాగే క్యూల్యూర్ ఎర పెట్టిన బుట్ట ఒకటి పందిరికి వేలాడదీసి, పాడైన కాయలను లోతుగా పూడ్చండి. పిందె దశలోనే కాగితపు సంచి తొడిగితే మందు అవసరమే రాదు. బూడిద తెగులు కనిపించింది కదా అని గంధకం చల్లకండి. తీగజాతి కూరగాయల ఆకులు దానికి మాడిపోతాయి. తెగులు పట్టిన ముదురు ఆకులు తీసి, గాలి ఆడేలా పలుచన చెయ్యడం ముందు పని.

పిండినల్లి, పేనుబంక ఏ తీగకైనా వస్తాయి. చీమల బారు కనిపిస్తే అవి ఉన్నట్టే. పైపుతో నీళ్లు గట్టిగా కొట్టి కడిగి, మూడో రోజు లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బునీళ్లు కలిపి పొద్దువాలాక చల్లండి. ఎండలో చల్లితే నూనె ఆకును కాలుస్తుంది.

వాయుగుండం రాకముందు

సెప్టెంబరు చివరికి పందిరిమీద చేరిన ఎండుపుల్లలు, రాలిన ఆకు మొత్తం దించెయ్యాలి. తడిస్తే బరువు పెంచేవి ముందు ఇవే. కాపు అయిపోయిన తీగలను మొదలు కోసి వారం ఎండనిచ్చి తీస్తే వల చిరగదు. టర్న్‌బకిళ్లు బిగించి, వెల్డింగులు చూసుకోండి. పాదుల గట్లు ఒకవైపు తెంచి నీళ్లు పోయే దారి ఇవ్వండి. నేలనుంచి అడుగున్నర దాకా ఆకు లేకుండా మొదళ్లు శుభ్రంగా ఉంచితే పాములు, తేళ్లు దాక్కోవడానికి చోటుండదు. కొండవార ఇళ్లలో ఏడాది పొడవునా చెయ్యాల్సిన పని ఇది.

కొండమీది తీగలు

శేషాచలాన్ని 2010లో జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. వానలు పడ్డాక నడకదారిలో తల తిప్పి చూస్తే ఎక్కే పద్ధతులన్నీ ఒకేచోట కనిపిస్తాయి. తలకోనలో గిల్లతీగ మాను మీదినుంచి మానుమీదికి సాగిపోయి ఉంటుంది. నాభి తీగకు ఆకు కొసే నులితీగ, పసుపు, ఎరుపు కలిసిన రేకులు మంటల్లా పైకి తిరిగి ఉంటాయి. ఇది తమిళనాడు రాష్ట్ర పుష్పం కూడా. అందానికి మోసపోకండి, దుంప నుంచి గింజ దాకా విషమే. గురివింద గింజ కూడా అంతే. పిల్లలున్న ఇంట ఈ రెండూ వద్దు. అల్లమండ పాలు చేతికి తగిలితే కడుక్కోవాలి.

నన్నారి షర్బతుకూ ఊరగాయకూ వేళ్లు తవ్వే తీగ కొండల్లో తగ్గిపోతోంది, వేరు తవ్వితే తీగ మిగలదు కదా. అడవినుంచి ఏదీ పెరికి తేకండి, అది నేరం కూడా. పెరటికి కొండ తీగ కావాలంటే మాధవీలత, పొడపత్రి, సుగంధిపాల నర్సరీల్లో అడగండి. మాధవీలతకు చలికాలం చివర సువాసన పూలు, తర్వాత మూడు రెక్కల గింజలు గిరగిరా తిరుగుతూ రాలతాయి. గట్టి మాను తీగ, పైపు పందిరే కావాలి. తిప్పతీగ ముక్క తెచ్చి కొమ్మకు వేలాడదీసినా చావదు, దారాల్లాంటి వేళ్లు నేలకు దించుతుంది.

ఒక తీగ నుంచి ఇంకొకటి

జాజికి, రాధామనోహరానికి, గార్లిక్ వైన్‌కు నేల అంటు తేలిక. జూలైలో నేలకు దగ్గరగా ఉన్న, ఏడాది వయసు కొమ్మను ఎంచుకోండి. కొసనుంచి అడుగున్నర వెనక, కణుపు కింద, అంగుళం పొడవున ఏటవాలుగా సగం మందం దాకా కోసి, నోరు మూసుకోకుండా అగ్గిపుల్ల ముక్క పెట్టండి. ఆ భాగాన్ని 3 అంగుళాల లోతున ఇసుక, ఎరువు కలిపిన మట్టిలో పూడ్చి, పైన రాయి పెట్టండి. కొస బయట నిలువుగా ఉండాలి. మట్టి ఆరనివ్వకండి. రెండు మూడు నెలలకు మెల్లగా లాగి చూస్తే కదలదు, అంటే వేరు పట్టింది. తల్లివైపు ఒకేసారి కాకుండా ముందు సగం కోసి, పదిరోజులకు పూర్తిగా తెంచండి. కాగితంపూలకు పెన్సిల్ లావు, 6 నుంచి 8 అంగుళాల ముదురు ముక్కలు చాలు. జనవరి కత్తిరింపులో వచ్చినవే పనికొస్తాయి. కింద ఏటవాలుగా, పైన అడ్డంగా కోసి తలకిందులు కాకుండా గుర్తుపెట్టుకొని, మూడో వంతు కవరులోని ఇసుకలో దిగేలా నీడలో నాటండి. చివురు రాగానే ఎండకు మార్చకండి. ఆకు వచ్చినా అప్పటికి వేరు ఉండదు. కవరు అడుగున తెల్లటి వేరు కొస కనిపించాక మారిస్తే సరి.